సభలో మౌనం ఎవరి చేతిలో ఉంది?

2013 నుంచి బ్రిటన్ పార్లమెంటులో ఒక చిత్రమైన ధ్యానం క్లాసు నడుస్తూ వచ్చింది. ఎనిమిది వారాల కోర్సు. రోజూ ఒకరి మీద ఒకరు విరుచుకుపడే ఎంపీలు, లార్డ్స్ సభ్యులు ఒకే గదిలో కుర్చీలు వేసుకుని, ఊపిరి మీద ధ్యాస పెట్టడం నేర్చుకునేవారు. లేబర్ ఎంపీ క్రిస్ రువాన్, ఆర్థికవేత్త రిచర్డ్ లేయర్డ్ పూనుకుని పెట్టించిన క్లాసు అది. 2015 నాటికి అందులో చేరినవాళ్లు వంద దాటారు. ఆ అక్టోబరులో అన్ని పార్టీల సభ్యులూ కలిసి, వైద్యంలో, బడుల్లో, ఆఫీసుల్లో, జైళ్లలో ఈ సాధనను ఎలా వాడవచ్చో చెబుతూ ఒక నివేదిక కూడా తెచ్చారు.

మరుసటి ఏడాది బ్రెగ్జిట్ వచ్చింది, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని జనం ఓటేశారు. 2019 జనవరి 15న అదే పార్లమెంటు ప్రభుత్వం తెచ్చిన ఒప్పందాన్ని 432-202 ఓట్లతో చిత్తుగా ఓడించింది. పోనీ మీకేం కావాలో మీరే చెప్పండని మార్చి 27న ఎనిమిది ప్రత్యామ్నాయాలు ఓటుకు పెడితే ఎనిమిదింటిలో ఒక్కదానికీ మెజారిటీ రాలేదు. ఏది వద్దో చెప్పగలిగారు, ఏది కావాలో చెప్పలేకపోయారు.

దీన్ని బట్టి ధ్యానం ఉత్తదే అని తేల్చేస్తే అది తొందరపాటు. ఆ క్లాసుకు వెళ్లినవాళ్లకు టెన్షన్ తగ్గి ఉండవచ్చు, నిద్ర బాగా పట్టి ఉండవచ్చు. కానీ వాళ్లు తిరిగి వచ్చి కూర్చున్న సభ మారలేదు. ఎదురెదురు బెంచీలు అవే, విప్‌లు అవే, అవతలివాడు మాట్లాడుతుంటే కేకలు వేసే అలవాటు అదే. మనిషిని నిదానపరిచి, నిదానానికి చోటే లేని గదిలోకి పంపితే ఏమవుతుందో అదే అయింది. రాజకీయాల్లోకి ధ్యానాన్ని తీసుకురావాలనే వాళ్లు ఎక్కువగా మనిషి దగ్గరే ఆగిపోతారు. చూడాల్సింది సభ నడిచే పద్ధతిని.

మామూలు మాటల్లో ఒకరు ఆపడానికీ ఇంకొకరు అందుకోవడానికీ మధ్య ఎంత వ్యవధి ఉంటుంది? పది భాషల్లో కొలిచి 2009లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం సగటున సెకనులో అయిదో వంతు. భాష ఏదైనా లెక్క పెద్దగా మారలేదు. అయితే ఒక చిన్న మాటను మనసులో తయారుచేసుకుని నోటిదాకా తేవడానికే అంతకు మూడింతల సమయం పడుతుంది. అంటే ఎదుటివాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే మన జవాబు వండడం మొదలైపోతుంది. టీ కొట్టు దగ్గర కబుర్లకు ఇది చక్కగా సరిపోతుంది. ఊరి చెరువు గురించో రిజర్వేషన్ల గురించో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం వినడం అనే పనే జరగదు. అవతలి మాటలో మొదటి సగం వింటాం, మిగతా సగం మన జవాబు కింద పడి నలిగిపోతుంది.

ధ్యానంలో నేర్పే ఏకాగ్రత ఈ ఖాళీని పెంచుతుంది. ఒక తలంపు వస్తుంది, దాని వెంట పరుగెత్తకుండా వచ్చిందని గమనించి ఊరుకుంటాం. నిర్ణయాల మీద దీని ప్రభావం చూసిన పరిశోధనలు లేకపోలేదు. ఆండ్రూ హాఫెన్‌బ్రాక్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పావుగంట ఊపిరి మీద ధ్యాస పెట్టినవాళ్లు ‘ఇంత పెట్టాం కదా, ఇంకొంత పెడదాం’ అనే ఉచ్చులో తక్కువగా పడ్డారు. సగం కట్టి ఆపిన ప్రాజెక్టుల మీద మన రాజకీయ చర్చ ఎలా సాగుతుందో తెలిసినవారికి ఇది చిన్న విషయంగా అనిపించదు. అయితే అదే పరిశోధకుడు 2022లో ఇంకో సంగతి బయటపెట్టాడు. తప్పు చేసినవాళ్లు ధ్యానం చేస్తే వాళ్లలో అపరాధభావం తగ్గింది, దాంతో పాటు ఆ తప్పును సరిదిద్దాలన్న పట్టుదలా తగ్గింది. నాయకులకు మనశ్శాంతి కావాలని కోరేముందు ఈ రెండో ఫలితాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. కొందరికి నిద్ర పట్టకపోవడమే జనానికి మంచిది.

ధ్యానం చేసేవాళ్లు కొట్లాడుకోరనే భ్రమ ఉంటే దానికి విరుగుడు బౌద్ధ భిక్షువుల నియమ గ్రంథమైన వినయపిటకంలో, పాత వ్యాఖ్యానాల్లోనే ఉంది. కోశాంబిలో ఒక భిక్షువు మరుగుదొడ్డిలో కడుక్కునే పాత్రలో నీళ్లు కొంచెం మిగిల్చి వచ్చాడు. అది నియమభంగమని ఇంకొకాయన అన్నాడు. ఒకరు ధర్మం బోధించడంలో దిట్ట, ఇంకొకరు నియమాల్లో పండితుడు. ఇద్దరికీ శిష్యులున్నారు. చెంబెడు నీళ్ల తగవు కాస్తా సంఘం రెండుగా చీలేదాకా వెళ్లింది. బుద్ధుడు స్వయంగా వచ్చి వద్దని చెబితే, మీరు హాయిగా ధ్యానం చేసుకోండి, ఈ గొడవ మేం చూసుకుంటాం అన్నారట. ఆయన విసిగి అడవికి వెళ్లిపోయాడు. చివరికి వాళ్లను దారికి తెచ్చింది ఊరివాళ్లు. దండం పెట్టడం మానేశారు, భిక్ష వేయడం మానేశారు. అప్పుడు రాజీకి వచ్చారు.

అందుకేనేమో ఆ సంఘం తన సభను సభ్యుల మంచితనానికి వదిలేయలేదు, గట్టి నియమాలు పెట్టుకుంది. మొదట విషయాన్ని సభ ముందు పెట్టాలి. తర్వాత ప్రతిపాదనను చదవాలి. చిన్న విషయమైతే ఒకసారి, ఒకరికి భిక్షువుగా దీక్ష ఇవ్వడం లాంటి పెద్ద విషయమైతే మూడుసార్లు. చదివిన ప్రతిసారీ, సమ్మతమైనవారు మౌనంగా ఉండండి, కానివారు మాట్లాడండి అని అడగాలి. మూడోసారి కూడా ఎవరూ నోరు విప్పకపోతే తీర్మానం అయినట్టు. ఇందులో అసలు కీలకం ఇంకోచోట ఉంది. సభకు ఒక హద్దు గీస్తారు. ఆ హద్దు లోపల ఉన్న ప్రతి భిక్షువూ రావాలి. జబ్బుపడి రాలేనివాడు తన సమ్మతిని ఇంకొకరి ద్వారా పంపాలి. అంటే మౌనాన్ని ఒప్పుదలగా లెక్కించేముందు ఆ మౌనం ఎవరెవరిదో తేల్చుకునేవారు. వింటూ ఊరుకున్నవాడి మౌనం, అసలు రానివాడి మౌనం ఒకటి కావని వాళ్లకు తెలుసు.

ఏకాభిప్రాయం రాకపోతే ఓటు కూడా ఉంది. శలాకలనే పుల్లలు పంచి, మెజారిటీ ఎటుందో చూసేవారు. రహస్యంగా, చెవిలో చెప్పి, బాహాటంగా, ఇలా మూడు రకాలుగా. (ఫలితం ధర్మానికి విరుద్ధంగా వచ్చేలా ఉంటే పుల్లలు సరిగా పంచలేదని చెప్పి మళ్లీ పంచే వెసులుబాటు కూడా పంచేవాడికి ఇచ్చారు. మన బూత్‌ల్లో పనిచేసినవాళ్లు ఇది చదివితే నవ్వుకుంటారు.) 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన ప్రసంగంలో ఈ ప్రస్తావన ఉంది. తీర్మానాలు, కోరం, విప్, ఓట్ల లెక్కింపు వంటివి బౌద్ధ సంఘాలకు తెలుసని, ప్రజాస్వామ్యం ఈ దేశానికి కొత్త కాదని ఆయన గుర్తుచేశాడు. అమరావతిలో, నాగార్జునకొండలో విహారాలు కట్టుకున్న భిక్షు సంఘాలు కూడా ఇలాంటి నియమావళితో నడిచినవే.

మౌనాన్ని సభ నడిపే యంత్రంలో భాగం చేసుకుని, ఇప్పటికీ దాన్ని వాడుతున్న వాళ్లు క్వేకర్లు. 17వ శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో జార్జ్ ఫాక్స్ బోధనలతో పుట్టిన క్రైస్తవ శాఖ ఇది. వాళ్లలో పాత పద్ధతి పాటించే చోట ప్రార్థనలో పాదిరీ ఉండడు, పాటలుండవు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ఎవరికైనా చెప్పాలనిపిస్తే లేచి చెప్తారు. విశేషం ఏమిటంటే, భవనం రిపేరు, బడ్జెట్, యుద్ధం మీద వైఖరి లాంటి లౌకిక వ్యవహారాలకూ అదే పద్ధతి.

ఆ సభ ఎలా ఉంటుందంటే, ముందు కాసేపు మౌనం. బల్ల దగ్గర కూర్చుని సభ నడిపే క్లర్క్ విషయం ఏమిటో చెప్తాడు. మాట్లాడదలచినవాళ్లు లేచి నిలబడితే ఒక్కొక్కరినే పిలుస్తాడు. మాట్లాడేవారు క్లర్క్‌ను ఉద్దేశించే మాట్లాడాలి, ముందు మాట్లాడినవారి మీదికి వెళ్లకూడదు. ఒకరు కూర్చోగానే ఇంకొకరు లేవరు. చెప్పింది దిగడానికి కొంత వ్యవధి ఇస్తారు. ఒకే విషయం మీద మామూలుగా ఒక్కసారే మాట్లాడతారు. చప్పట్లు కొట్టరు. ఓటింగ్ లేనే లేదు. క్లర్క్ తన అభిప్రాయం చెప్పడు, సభ ఎటు మొగ్గుతోందో కనిపెట్టడమే అతని పని. బ్రిటన్‌లో ఆ తర్వాత జరిగేది ఇంకా చూడదగ్గది. క్లర్క్ అప్పటికప్పుడు నిర్ణయాన్ని రాయడం మొదలుపెడతాడు, రాసినంతసేపూ సభ మొత్తం మాటామంతీ లేకుండా ఎదురుచూస్తుంది. రాసింది చదివి వినిపిస్తాడు. ఇక్కడ ఈ మాట బాగోలేదు, అక్కడ అది కలపండి అని సరిచేస్తారు. ఒప్పుకోదగ్గదని అనిపించినప్పుడు ‘అలాగే కావాలని ఆశ’ అనే అర్థం వచ్చే చిన్న మాట అంటారు. దాంతో అయిపోతుంది. తర్వాత ఇంటికి వెళ్లి ఎవరో రాసుకునే మినిట్స్ ఉండవు.

మన దగ్గర సంఘాల మీటింగుల్లో సగం గొడవలు మినిట్స్ దగ్గరే పుడతాయి. సెక్రటరీ వారం తర్వాత రాసిన కాగితంలో మీటింగులో ఎవరూ అనని మాట ఉంటుంది, అన్నమాట ఉండదు. క్వేకర్ల పద్ధతిలో నాకు బాగా నచ్చింది ధ్యానం కంటే కూడా ఇదే. నిర్ణయం మాటల రూపంలోకి వచ్చేటప్పుడు అందరి ధ్యాసా ఆ మాటల మీదే ఉంటుంది.

ఏకీభావం కుదరకపోతే ఆ విషయాన్ని వాయిదా వేస్తారు, కుదరలేదని కూడా రాసుకుంటారు. ఒప్పుకోని ఒక్కరు తమ అభ్యంతరం చెప్పి పక్కకు తప్పుకోవచ్చు, ఆగమని సభను కోరనూ వచ్చు. క్లర్క్ తలలు లెక్కపెట్టడు, మాటల బరువు తూస్తాడు. చిక్కు కూడా ఇక్కడే ఉంది. బరువు తూచేవాడికి చాలా అధికారం ఉన్నట్టే కదా. ఏళ్ల తరబడి ఉన్న పెద్దలను క్వేకర్లే ‘బరువైన మిత్రులు’ అంటారు. కొత్తగా వచ్చిన ఒక కుర్రాడి మాట, పెద్దావిడ మాట ఒకే తక్కెడలో పడతాయా?

ఈ పద్ధతికి వచ్చిన పెద్ద పరీక్ష బానిసత్వం. 1688లో ఇప్పటి ఫిలడెల్ఫియాలో భాగమైన జర్మన్‌టౌన్‌లో నలుగురు ఒక కాగితం మీద సంతకాలు చేశారు. ఫ్రాన్సిస్ డేనియల్ పాస్టోరియస్ వారిలో ఒకడు. మనుషుల్ని కొనడం, అమ్మడం తప్పని, మన క్వేకర్లే ఆ పని చేస్తున్నారని అందులో రాశారు. స్థానిక సభ చదివి, ఇది మరీ బరువైన విషయం, మేం తేల్చలేం అని పైసభకు పంపింది. ఆ సభ దాని పైసభకు పంపింది. అక్కడ తీర్పు చెప్పకుండా పక్కన పెట్టారు. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఓడించలేదు. మర్యాదగా, నిశ్శబ్దంగా మూతపడింది. ఆ కాగితం మళ్లీ వెలుగులోకి వచ్చింది 1844లో.

1738లో బెంజమిన్ లే అనే క్వేకర్ ఆ మర్యాదను బద్దలుకొట్టాడు. వార్షిక సభకు పైకోటు కింద కత్తి కట్టుకుని, తొలిచిన పుస్తకంలో ఎర్రటి పండ్ల రసం నింపిన తిత్తి దాచుకుని వెళ్లాడు. బానిసలను ఉంచుకున్నవాళ్లు ఆ బానిసల గుండెల్లో కత్తి దింపినట్టేనని అరిచి ఆ పుస్తకాన్ని పొడిచాడు. రసం చిమ్మి పక్కనున్నవాళ్ల మీద పడింది. ఆయన్ను గెంటేశారు. జాన్ వుల్‌మన్ అనే మరో క్వేకర్ దారి వేరు. బానిసలున్న ఇళ్లలో అతిథిగా ఉంటే, తనకు సేవ చేసినందుకు ఆ బానిసలకు డబ్బు ఇచ్చి వచ్చేవాడు. బానిసలను ఉంచుకున్న సభ్యుల ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరితోనే మాట్లాడేవాడు. 1758 వార్షిక సభలో, ఇంకా ఆలస్యం చేసే సమయం కాదని లేచి చెప్పాడు. ఆ ఏడాది, బానిసలను కొన్నా అమ్మినా సంఘ వ్యవహారాల్లో చోటు లేదని తీర్మానించి, బానిసలున్న సభ్యులను కలవడానికి ఒక కమిటీ వేశారు. 1776లో, బానిసలను వదలని సభ్యులను సంఘం నుంచే తొలగించాలని నిర్ణయించారు.

మొదటి కాగితానికీ ఆఖరి నిర్ణయానికీ మధ్య 88 ఏళ్లు. పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఒక మాట చెప్తారు. 1844, 1845లో అమెరికాలో మెథడిస్టులు, బాప్టిస్టులు అనే క్రైస్తవ శాఖలవాళ్లు ఇదే ప్రశ్న మీద ఉత్తరం, దక్షిణం అని చీలిపోయారు. క్వేకర్లు అప్పటికే ఆ పాపం కడుక్కుని ఉన్నారు, అలా ఉత్తరం, దక్షిణం అని చీలిపోలేదు. నిజమే. కానీ ఆ 88 ఏళ్ల వడ్డీ కట్టింది ఎవరు? ఎవరి గురించి ఆ సభ మౌనంగా ఆలోచించిందో వాళ్లకు అందులో కుర్చీ లేదు. అందరి ఒప్పుదల కోసం ఆగడం అంటే, ఒప్పుదల వచ్చేదాకా ఇప్పుడున్నదే సాగుతుందని అర్థం. ఇప్పుడున్న దానితో లాభపడేవాడికి ఆగడం సుఖంగానే ఉంటుంది. పైగా వుల్‌మన్ నెమ్మది పని చేయడానికి లే వేసిన కేక ఎంతో కొంత దారి చేసి ఉంటుందని నాకనిపిస్తుంది. మౌనంగా సాగే సభకు కూడా దాన్ని భంగపరిచేవాడు ఒకడు కావాలి.

మన దేశంలో మౌనాన్ని రాజకీయాల్లోకి తెచ్చినవాళ్లలో మొదట గుర్తొచ్చేది గాంధీ. సోమవారాలు మాట్లాడేవాడు కాదు. 1947 జూన్ 2 సోమవారం. దేశ విభజన ప్రణాళిక వివరించడానికి మౌంట్‌బాటెన్ ఆయన్ను పిలిచాడు. గాంధీ ఏమంటాడోనని వైస్రాయ్‌కి గుబులుగా ఉంది. వచ్చిన గాంధీ నోటి మీద వేలు పెట్టుకుని, ఇవాళ మౌనవ్రతమని సైగ చేసి, వాడేసిన కవర్ల వెనక పెన్సిల్‌తో రాసి జవాబిచ్చాడు. మౌంట్‌బాటెన్ ఊపిరి పీల్చుకున్నాడు. గాంధీకి ఆ వ్రతం ఆత్మశోధన. కానీ చర్చలో ఒక్కరే మౌనంగా ఉంటే అది మిగతావాళ్ల పని సులువు చేస్తుంది.

ఇంకా లోతైన ఉదాహరణ వినోబా. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచి నిలబడినప్పుడు మొదలైన భూదానం తెలుగువారికి చెప్పక్కర్లేదు. ఆ ఉద్యమాన్ని నడిపిన సర్వ సేవా సంఘ్ ఓటింగ్ లేకుండా ఏకాభిప్రాయంతోనే నిర్ణయాలు తీసుకునేది. 1974లో బిహార్ ఉద్యమంలో జయప్రకాశ్ నారాయణ్ దిగాక, సంఘం కూడా దిగాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. ఎక్కువమంది జేపీ వైపు, కొందరు వినోబా వైపు. ఏకాభిప్రాయం రాదు, ఓటు పెట్టే అలవాటు లేదు. 1974 డిసెంబరు 25న వినోబా ఏడాది మౌనం పట్టాడు. మరుసటి మార్చికి సంఘం నిలువునా చీలింది. జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది, జేపీ జైలుకు వెళ్లాడు. మౌనంలో ఉన్న వినోబా ‘అనుశాసన పర్వం’ (క్రమశిక్షణ కాలం) అని రాసిన రెండు మాటలను ప్రభుత్వం ప్రచారానికి వాడుకుంది. ఆయన భావం వేరని తర్వాత ఎంతో వివరణ వచ్చింది. మాట్లాడని మనిషి రాసిన రెండు మాటలకు అర్థం చెప్పే అధికారం, మైకు ఉన్నవాడి చేతికి పోయింది.

ఇక మన పంచాయతీల ఏకగ్రీవాలు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. తెలంగాణలోనూ ఇలాంటి నజరానాలు ఉన్నవే. ఊరు కలిసి కూర్చుని, కక్షలు వద్దనుకుని ఒకరిని ఎన్నుకుంటే అంతకంటే ఏం కావాలి. కానీ గుడి దగ్గర వేలం పెట్టి, ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు సర్పంచ్ పదవి కట్టబెట్టిన వార్తలు ప్రతి ఎన్నికలకూ చదువుతూనే ఉన్నాం. అక్కడా రెండో నామినేషన్ పడదు, అక్కడా అందరూ మౌనంగానే ఉంటారు. పైనుంచి చూస్తే క్వేకర్ల సభకూ దీనికీ తేడా కనబడదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, మిగతా అర్ధం ఏమిటో ఆ ఊళ్లో నామినేషన్ వేయబోయి ఆగిపోయినవాడికి తెలుసు. నేను చూసే గుర్తు ఒకటే. ఆ మౌనాన్ని భంగపరిచినవాడికి మర్నాడు ఏమవుతుంది? పనికి పిలుస్తారా, నీళ్లు వదులుతారా, పలకరిస్తారా? వీటికి ఔనని జవాబు రాని చోట ధ్యానం, ఏకాభిప్రాయం అని మాట్లాడటం కంటే రహస్య బ్యాలెట్ పెట్టడం మేలు. బౌద్ధ సంఘంలో శలాకలను రహస్యంగా పంచే పద్ధతి ఉన్నది కూడా ఊరికే కాదు.

భయం లేని చోట మాత్రం ఈ పద్ధతుల్లో తీసుకోదగ్గవి చాలా ఉన్నాయి, వాటికి దేవుణ్ణి నమ్మాల్సిన అవసరం కూడా లేదు. అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగే తీసుకోండి. ప్రెసిడెంటే మీటింగ్ నడుపుతాడు, ఆయనే లిఫ్ట్ మార్చాలని వాదిస్తాడు, ఆయనే అందరూ ఓకే కదా అని ముగిస్తాడు. ముందు మార్చాల్సింది ఇదే. వాదించదలచుకుంటే ఆ పూటకు కుర్చీ ఇంకొకరికి ఇవ్వాలి. అందరూ ఒకసారి మాట్లాడేదాకా ఎవరికీ రెండోసారి ఇవ్వకూడదు. ఒకరు ముగించాక ఒక గుక్క మంచినీళ్లు తాగేంతసేపు ఆగాలి. మొదట్లో ఇది నాటకంలా, కొంచెం నవ్వొచ్చేలా ఉంటుంది. కానీ ఎప్పుడూ మాట్లాడని మూడో అంతస్తు ఆవిడ నోరు విప్పేది ఆ ఖాళీలోనే. ఖర్చు ఎంత, ఎవరిస్తారు, ఎప్పటికి అన్నది అక్కడే కాగితం మీద రాసి, గట్టిగా చదివి, వ్యతిరేకించినవాళ్లను ప్రత్యేకంగా అడగాలి, మీ అభ్యంతరం ఇందులో సరిగ్గా రాశామా అని. వాళ్లు ఒప్పుకోనక్కర్లేదు, తమ మాట నమోదైందని చూసుకుంటే చాలు. డబ్బు పెద్దదైతే వారం గడిచాక మళ్లీ ఒకసారి చదవాలి. అప్పటికీ తేలకపోతే చేతులెత్తించి లెక్కపెట్టడంలో తప్పు లేదు. ఏ రోజులోగా తేల్చాలో మాత్రం ముందే అనుకోవాలి. లేకపోతే లిఫ్ట్ వాడని గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ల సౌఖ్యం కోసం అయిదో అంతస్తు ముసలాయన ఏళ్ల తరబడి మెట్లెక్కుతూనే ఉంటాడు.

ఇదంతా వాట్సాప్ గ్రూపులో చేయాలని చూడకండి. అక్కడ ఒప్పుకుని ఊరుకున్నవాడు, అలిగి ఊరుకున్నవాడు, మ్యూట్‌లో పెట్టి మర్చిపోయినవాడు ఒకేలా కనబడతారు. మూడుసార్లు అడిగినా వచ్చేది రెండు బొటనవేళ్లు, ఒక గుడ్ మార్నింగ్. గ్రూపులో మీటింగ్ తేదీ, ఎజెండా, కొటేషన్ల ఫొటోలు పెట్టండి. రాలేనివాళ్లు తమ మాట ఎవరి ద్వారా పంపుతున్నారో రాయమనండి.